చదివి ఇచ్చిన పుస్తకం

భ్రమరాంబ ఎవరి చేతికైనా పుస్తకం ఇచ్చిందంటే, ఆవిడ దాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివేసిందన్నమాటే. చదవకుండా ఇవ్వడం ఆవిడ దృష్టిలో మర్యాద తక్కువ పని. పెళ్ళి కానుకైనా అంతే, పుట్టినరోజు కానుకైనా అంతే. కొత్త పుస్తకం కొనుక్కొచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని, అట్ట మడత పడకుండా సగం మాత్రమే తెరిచి, మెడ ఓ పక్కకి వాల్చి చదివి, అప్పుడు రంగు కాగితం చుట్టేది. పుచ్చుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలిసేదే కాదు.

“ఉప్పు చూడకుండా కూర వడ్డిస్తామా ఎవరికైనా?” అనేది ఎవరైనా నవ్వితే.

మొగుడు గంగాధరరావు ఊరుకునే రకం కాదు. “మరి నైవేద్యం రుచి చూసి పెడతావుటే దేవుడికి? ఊళ్ళోవాళ్ళందరికీ ఎంగిలి పుస్తకాలు పంచిపెడుతున్నావు. పుణ్యమో పాపమో చూసుకో,” అని ఆట పట్టించేవాడు.

“దేవుడైతే ఏదైనా అరాయించుకుంటాడు. మనుషులకి పెట్టేది మాత్రం చూసే పెట్టాలి,” అని భ్రమరాంబ ఠక్కున జవాబు చెప్పేది. ఆవిడ దగ్గర జవాబులకి ఎప్పుడూ లోటు లేదు. లోటు వచ్చిన రోజు ఒకటుంది, అదే ఈ కథ.

ఆ అలవాటు ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి రామచంద్రపురం దగ్గర ఓ పల్లెలో గ్రంథాలయం చూసుకునేవాడు. ఆడవాళ్ళెవరైనా పుస్తకం కోసం కబురు పంపితే, ముందు తను చదివి, ఇది ఫలానావాళ్ళ కోడలికి పరవాలేదు, ఇది ఫలానావాళ్ళ అమ్మాయికి వద్దు అని తేల్చి పంపేవాడు. ఆయన చదవమన్నవన్నీ చదువుతూ పెరిగిందే గానీ, తనకి అందకుండా పై అరలో ఎన్ని పెట్టాడో భ్రమరాంబ ఎన్నడూ ఆలోచించలేదు. నాన్న మంచివాడు, నాన్న చేసింది మంచిపని. అక్కడితో సరి.

పెళ్ళయ్యాక మొగుడి పోర్టు ఉద్యోగంతో పాటు విశాఖపట్నం వచ్చి పడింది. ఎన్నో అద్దె ఇళ్ళు మారి, చివరికి లోను పెట్టి గోపాలపట్నంలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. వెనక ఒక వసారా. అందులో బొగ్గుల బస్తా, విరిగిన మడత కుర్చీ, ఎప్పటివో వారపత్రికల కట్టలు తప్ప ఏమీ లేవు. కూతురికి పెళ్ళి చేసి కాకినాడ పంపేశాక, మధ్యాహ్నాలు ఇల్లు మరీ బోసిగా ఉండేది. అప్పుడే ఎదురు సందులోకి చిట్టెమ్మ వచ్చింది.

ఎనభై మూడో సంవత్సరం. ఉక్కు ఫ్యాక్టరీ పునాదులు లేస్తున్న రోజులు. చిట్టెమ్మ అన్న వీరన్నది ఎలమంచిలి పక్క ఊరు. ఉన్న కాస్త పొలం చెక్కా వాటాల్లో కరిగిపోతే, పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఇటొచ్చి, ఫ్యాక్టరీ కట్టుబడిలో కాంక్రీటు పనికి పోతున్నాడు. ఒక్క గది, నలుగురు మనుషులు. ఆ గదిలోకి పెందుర్తి నుంచి చెల్లెలు దిగబడింది. మొగుడు అబ్బులు లారీ తోలుతాడు. తోలినన్నాళ్ళు తోలి, తాగినన్నాళ్ళు తాగి, తాగినప్పుడల్లా పెళ్ళాన్ని తంతాడు. పగిలిన పెదవితో, ఒక చీర మూటతో ఆ పిల్ల అన్న గుమ్మంలో నిలబడితే, వదిన పోతమ్మ మొహం మాడ్చుకునే లోపలికి రమ్మంది. పాపం పోతమ్మని అనడానికీ లేదు. ఆ గదిలో పడుకుంటే ఒకరి కాళ్ళు ఇంకొకరి తలకి తగిలేవి.

చిట్టెమ్మకి కుట్టుపని వచ్చు. బజారులో సన్యాసమ్మ అనే ఆవిడ నడిపే టైలరు షాపులో పొద్దుటి పూట కాజాలు, హుక్కులు కుట్టేది. జాకెట్టు కొలత తీసుకోవడానికి వచ్చి, భ్రమరాంబ మంచం మీద తెరిచి పడేసిన వారపత్రిక కేసి అలా చూస్తూ ఉండిపోయింది.

“ఏమిటే చూస్తున్నావు? చదువొచ్చా?”

“ఏడో క్లాసు దాకా సదివేనమ్మగోరూ. మా అయ్య పోనాడని మానిపించీసినారు. ఈ కత ఏటండి? ఈ బొమ్మలో ఆవిడ ఏల ఏడుత్తంది?”

అలా మొదలైంది. అది ఆ పత్రికలో అప్పుడే మొదలైన సీరియల్. అందులో వాసంతి అనే అమ్మాయి, మొగుడి చేత దెబ్బలు తిని పుట్టింటికొచ్చి, అన్నావదినల దగ్గర మాటలు పడుతూ బతుకుతూ ఉంటుంది. గురువారం పత్రిక రాగానే భ్రమరాంబ ముందు చదివేది. ఆ మధ్యాహ్నం చిట్టెమ్మకి ఇచ్చేది. చిట్టెమ్మ అక్కడే గుమ్మంలో చతికిలబడి, పెదవులు కదుపుతూ, వేలితో వరస పట్టుకుని చదివేది. చదివి ఊరుకునేది కాదు.

“ఓలమ్మో! ఆ వదిన ముండ దానికి కూడెట్టకుండా గిన్నె దాసీసింది సూడండి!”

“నోరు జాగ్రత్త. మీ వదిన వింటే బాగుండదు.”

“మా వదిన గిన్నె దాయదులెండి. గిన్నె బోర్లించీసి సూపిత్తాది,” అని చిట్టెమ్మ నవ్వేది. ఆ నవ్వు చూసి భ్రమరాంబకీ నవ్వొచ్చేది.

నిజం చెప్పొద్దూ, ఆవిడకి ఆ పిల్ల వస్తే ప్రాణం లేచొచ్చినట్టుండేది. కూతురు కూడా తనతో అలా కూచుని కథల గురించి మాట్లాడి ఎరగదు. గురువారం వచ్చిందంటే మధ్యాహ్నం కునుకు మానేసి, టీకి పాలు దాచి, సందులోకి చూస్తూ కూచునేది.

ఆ రోజుల్లో సీరియల్ పేజీలు పత్రికలోంచి విడదీసి దాచుకోవడం, అంతా అయ్యాక దళసరి దారంతో కుట్టి, పాత కేలండరు అట్ట వేసి పుస్తకం చేసుకోవడం ఇంటింటా ఉన్నదే. భ్రమరాంబ అలా కుట్టినవి బోలెడు. చిట్టెమ్మ వాటిని తడిమి చూసి, ఓ రోజు బెరుగ్గా అడిగింది.

“ఈ కత అయిపోయేక నాకు పుస్తకం కుట్టి ఇత్తారా అమ్మగోరూ? నాకంటూ ఒక్క పుస్తకం నేదు. అట్ట మీదకి గుడ్డ నాను తెత్తాను.”

“ఇవ్వకేం! నీకోసమే కుడతాను. ఒక్క పేజీ పోకుండా ఇస్తాను,” అని మాటిచ్చింది భ్రమరాంబ.

ఆ మాట ఇచ్చిన ధైర్యంతోనే కాబోలు, ఇంకో నాలుగు వారాలకి చిట్టెమ్మ ఇంకో మాట అడిగింది. అడగడం కూడా వసారా ఊడుస్తూ, తలెత్తకుండా అడిగింది. “సన్యాసమ్మప్ప పాత మిషనొకటి వాయిదాల మీద ఇత్తానంటంది. మా అన్న గదిలో మిషనెక్కడ ఎడతాం? ఈ వసారాలో ఓ మూల ఏసుకుంటే... నానూ ఇక్కడే తొంగుంటాను. ఇల్లు తుడిసి, నీళ్ళు తోడి పెడతాను. అద్దె కూడా ఇత్తాను. మీకడ్డం కాకుండా ఉంటానమ్మగోరూ.”

“చూద్దాంలే. ఆయన్ని అడిగి చెప్తాను,” అంది భ్రమరాంబ.

అడగలేదు. అడిగితే ఆయన వద్దంటాడని కాదు. సరేనంటాడని భయం. గంగాధరరావు ఎంత వేళాకోళం మనిషైనా చెయ్యి మెత్తన. “దానికేం, ఉండనీ పాపం,” అనేస్తాడు. ఆ తరవాత? మొగుణ్ణి వదిలేసిన, వయసులో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే వీధిలో వాళ్ళేమంటారు? ఆ అబ్బులుగాడు తాగొచ్చి గేటు ముందు కేకలేస్తే? కాకినాడ వియ్యంకులు వస్తే ఎవరని చెప్పడం? గురువారం మధ్యాహ్నం వచ్చి పోయే చిట్టెమ్మ వేరు, రోజూ వసారాలో ఉండే చిట్టెమ్మ వేరు. ఈ మాట భ్రమరాంబ పైకి అనలేదు. తనతో తను కూడా గట్టిగా అనుకోలేదు. చిట్టెమ్మ మళ్ళీ అడగలేదు. చూపుతో మాత్రం అడుగుతూనే ఉండేది.

సీరియల్ చివరికొచ్చింది. వాసంతి టైపు నేర్చుకుంది, చిన్న ఉద్యోగం, చిన్న గది సంపాదించుకుంది. ఆఖరికి ముందు వారం, ఆవిడ మొగుడు చేతిలో పెట్టె పట్టుకుని, గడ్డం మాసి, ఆ గది గేటు దగ్గరికొచ్చి “వాసంతీ” అని పిలిచాడు. ఆవిడ చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఆపేసి, ముగింపు వచ్చే వారం అని అచ్చేశారు.

“పరుగెత్తిందంటే ఎందుకు పరుగెత్తినట్టు? రమ్మనడానికా, పొమ్మనడానికా?” అని చిట్టెమ్మ ప్రాణం తీసింది ఆ వారమంతా.

తమాషా చూడండి, ఆ వారంలోనే అబ్బులు తరఫున కబురొచ్చింది. అతని మేనమామ దాలయ్య పెద్దమనిషి వేషంలో వీరన్న గదికి వచ్చి, మా వాడు మారిపోయాడు, తాగుడు మానేశాడు, ఆదివారం వచ్చి పిల్లని తీసుకెళ్తాం అని చెప్పి, టీ తాగి వెళ్ళాడు. వీరన్న తల గోక్కున్నాడు. పోతమ్మ అప్పుడే ఆడబిడ్డ మూట సర్దేసినట్టు మొహం పెట్టింది. చిట్టెమ్మ మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు.

గురువారం పత్రిక వచ్చింది. భ్రమరాంబ కళ్ళజోడు తుడుచుకుని కూచుంది. వాసంతి గేటు దగ్గరికి పరుగెత్తింది గానీ గొళ్ళెం తియ్యలేదు. మొగుడు దాహమన్నాడు. వెనక్కెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, గేటు మీంచే అందించింది. అతను తాగాడు. ఖాళీ గ్లాసు పుచ్చుకుని, “ఇక్కడికి మళ్ళీ రాకండి,” అని చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకుంది. అంతే. సమాప్తం.

“అద్దీ!” అంది భ్రమరాంబ, ఒంటరిగా ఉన్న ఇంట్లో పైకే. ఒళ్ళు జలదరించింది. ఆ రచయిత్రి ఎవరో గానీ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది. ఎప్పుడెప్పుడు చిట్టెమ్మ వస్తుందా, ఎప్పుడు చదివిద్దామా అని లేచి నిలబడింది కూడా.

అదే క్షణంలో గేటు దగ్గర పోతమ్మ. నీళ్ళ బిందె చంకలో ఉంది, మొహంలో కోపం ఉంది. “అమ్మగోరూ, మీరు సదువుకున్నోలు. మా ఆడబిడ్డకి నాలుగు మంచి మాటలు సెప్పండి. మొగుడు తీసుకెల్తానంటంటే మొకం తిప్పుకుంటంది. మీ పుస్తకాలు సదివి దానికి తలకెక్కిపోనాదని వీదంతా అనుకుంటన్నారు. రేపు అది ఎల్లనంటే ఎవులింట్లో ఉంటాది? మీ ఇంట్లో ఎట్టుకుంటారేటి?”

“అలా ఎందుకంటావు పోతమ్మా, నేను మంచే చెప్తాను,” అంది భ్రమరాంబ. పోతమ్మ వెళ్ళిపోయింది.

భ్రమరాంబ లోపలికొచ్చి మంచం మీద కూలబడింది. మీ ఇంట్లో పెట్టుకుంటారా? ఆ మాట చెవిలోంచి పోలేదు. పుస్తకం ఇచ్చేముందు చదవాలన్న తండ్రి మాట గుర్తొచ్చింది. చదివింది కదా. చదివి తెలుసుకుంది కదా. ఇది ఈ పిల్లకి ఇప్పుడు ఇవ్వదగ్గది కాదని తేల్చుకుంది. కథలో వాసంతికి ఉద్యోగముంది, గది ఉంది, ఈ పిల్లకేముందని? ఇది చదివి మొగుణ్ణి పొమ్మంటే దీని గతేం కాను? అంతా ఆ పిల్ల మంచికోసమేనని గట్టిగా నమ్మింది. కత్తెర తీసి ఆ చివరి వారం పేజీలు విడిగా కత్తిరించి, పొయ్యిలో పెట్టేసింది. టీ నీళ్ళు వాటి మీదే మరిగాయి.

మధ్యాహ్నం చిట్టెమ్మ ఆయాసపడుతూ వచ్చింది. “ఏటయ్యిందమ్మగోరూ? రమ్మందా, పొమ్మందా?”

“ఈ వారం పత్రిక రాలేదే. ఏజెంటు దగ్గరే లేవుట,” అంది భ్రమరాంబ, పాలగిన్నె మీద మూత సర్దుతూ. “అయినా ఏమవుతుంది? పెట్టె పట్టుకుని అంత దూరం వచ్చాడంటే మారాడనేగా. పరుగెత్తుకుంటూ వెళ్ళిందిగా. కలిసిపోయుంటారులే.”

చిట్టెమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. “అలగేనా?” అంది.

“ఆ, అంతే. ఆడదానికి సంసారం ముఖ్యం కదుటే.”

శనివారం నాటికి పుస్తకం కుట్టేసింది. చిట్టెమ్మ తెచ్చిన నీలం పూల గుడ్డ అట్టకి అంటించింది. చివరి పేజీ కింద ‘ముగింపు వచ్చే వారం’ అన్న అక్షరాలు కళ్ళలో పొడుస్తుంటే, పాత సీరియల్ ఒకదాంట్లోంచి ‘సమాప్తం’ అన్న ముక్క కత్తిరించి, మైదా జిగురుతో వాటి మీద అతికించింది. ఎండాక వేలితో రాసి చూసింది. ఇప్పుడు కథలో వాసంతి గేటు దగ్గరికి పరుగెత్తుతూనే కథ అయిపోతుంది. ఎంచక్కా ఉంది అనుకుంది. పసుపూ కుంకుమా పెట్టి, జాకెట్టు ముక్కతో పాటు ఆ పుస్తకం చిట్టెమ్మ చేతిలో పెట్టింది. చిట్టెమ్మ చివరి పేజీ తెరిచి చూసింది. మూసేసింది. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం మూటా, పుస్తకం పట్టుకుని అబ్బులు వెనకాల బస్సెక్కి వెళ్ళిపోయింది.

మొదటి వారం భ్రమరాంబకి గర్వంగానే ఉంది. ఒక సంసారం నిలబెట్టానని మొగుడితో చెప్పుకుంది కూడా. గంగాధరరావు అన్నం కలుపుకుంటూ, “ఆ పిల్ల వసారాలో మిషనేసుకుంటానని నిన్నడిగిందిటగా? వీరన్న చెప్పాడు. నన్నడగలేదేం?” అన్నాడు. వేళాకోళం లేదు ఆ గొంతులో. ఆవిడ చారు తేవడానికి లేచి వెళ్ళింది. వంటింట్లోకెళ్ళాక చారుగిన్నె ఎక్కడ పెట్టిందో కనిపించలేదు.

ఆ తరవాత గురువారాలు వస్తూనే ఉన్నాయి. పత్రిక వచ్చి పడేది. ముందు తను చదవాలి కదా, చదివితే ఎవరికివ్వాలి? చదవకుండానే కట్టలో పడేసేది. పెందుర్తి నుంచి ఎవరొచ్చినా అడిగేది. బాగానే ఉందిట అని ఒకరు, కనిపించలేదని ఒకరు. నేను చేసింది మంచే అని రోజూ చెప్పుకునేది. ఒకసారి చేసిన మంచిని రోజూ ఎందుకు చెప్పుకోవలసి వస్తోందో మాత్రం ఆలోచించేది కాదు.

వానలు పట్టాక ఓ ఉదయం పోతమ్మ ఏడుస్తూ వచ్చింది. అబ్బులు మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి కర్ర తీసుకున్నాడు. చిట్టెమ్మ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. పెద్దాసుపత్రిలో పడేసి పోయాడు. “నానే పంపించీసేనమ్మగోరూ. ఒక్క గదిలో ఇరుకైపోతందని నానే తోలీసేను,” అని పోతమ్మ గుమ్మంలోనే కూలబడి తల బాదుకుంది. ఏడవగలిగినందుకు భ్రమరాంబకి ఆవిడ మీద అసూయ పుట్టింది. తను నోరు తెరిచి నేనూ పంపించానని అనలేకపోయింది.

బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కింది. బస్సులో అంతసేపూ ఒకటే. చెప్పెయ్యాలి. ఇవాళ చెప్పెయ్యాలి. ఆ పేజీలు ఉండుంటే ఈ పిల్ల వెళ్ళేది కాదు, ఈ చెయ్యి విరిగేది కాదు. నా కత్తెరే ఆ చెయ్యి విరిచింది. కిటికీ ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆడవాళ్ళ వార్డులో గోడ వారగా మంచం. చిట్టెమ్మ సగానికి సగం అయిపోయింది. కుడి చెయ్యి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది. భ్రమరాంబని చూసి లేవబోయింది.

“పడుకోవే, పడుకో.” ఆవిడ మంచం అంచున కూచుంది. కూచోగానే మాట తన్నుకొచ్చేసింది. “నేను నీకు అబద్ధం చెప్పానే చిట్టెమ్మా. ఆ వారం పత్రిక వచ్చింది. వాసంతి మొగుణ్ణి పొమ్మంది. నీళ్ళిచ్చి పొమ్మంది. నేనే ఆ కాగితాలు తగలేశాను. సమాప్తం అని నేనే అతికించాను. అవి ఉంటే నువ్వు వెళ్ళేదానివి కాదు. నన్ను చెప్పుచ్చుకు కొట్టినా పాపం లేదే.”

చిట్టెమ్మ ఎడమ చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“తెలుసునమ్మగోరూ.”

“ఏం తెలుసు?”

“ఆ వారం కత. ఆ లక్ష్మివారం పొద్దుటే సన్యాసమ్మప్ప షాపులో సదివీసేను. షాపుకొచ్చినావిడెవులో పత్రిక తెచ్చినాది. షాపులో ఆడోలందరూ అదే మాట, నీలిచ్చి పొమ్మందంట, నీలిచ్చి పొమ్మందంట అని. మీ కాడికి పరుగెత్తుకుని వొచ్చినాను ఎందుకనుకున్నారు? మీరు కూడా సదివేసుంటారు, ఇద్దరం కూకుని మాటాడుకుందారని. మీ నోట ఇందారనే తెలీనట్టు అడిగేను.”

“తెలిసి మరి ఎందుకెళ్ళావే? తెలిసీ ఎందుకు వెళ్ళావు?” అంది భ్రమరాంబ.

“ఏటి సెయ్యమంతారు?” చిట్టెమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును. “ఆ కతలో ఆవిడకి గది ఉన్నాది, తలుపేసుకుంది. నాకు తలుపేది? మీ వసారా ఉన్నాదనుకున్నాను. మీరు ఏ పుస్తకమైనా సదివి, ఇది మంచిదనుకుంటేనే ఇత్తారు కదా. అలాటిది పత్రిక రానేదని సెప్పేరు. తరవాత పుస్తకంలో సమాప్తం అని అతుకేసి ఇచ్చినారు. అప్పుడు తెలిసిపోనాది. వొద్దంటన్నారని. మీ ఇంటికి రావొద్దు, ఎల్లిపొమ్మంటన్నారని. నోటితో సెప్పలేక ఇలగ సెప్పేరనుకున్నాను. ఇంక ఉండి ఏటి సేత్తాను? ఎలిపోనాను.”

పక్క మంచం మీద ముసలమ్మ దగ్గుతోంది. భ్రమరాంబ చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. బస్సులో వస్తున్నంతసేపూ తన తప్పు ఎంత పెద్దదో తెలుసుననుకుంది. తెలియలేదు. ఆ పిల్లకి ముగింపు తెలియకుండా చేశానని కదా ఏడ్చింది! ముగింపు ఆ పిల్లకి తెలుసు. తెలియనిది ఒక్కటే, ఈ ఇంట్లో తనకి చోటుందా లేదా అని. దానికి తనే పసుపూ కుంకుమా పెట్టి మరీ జవాబిచ్చింది.

“మా ఇంటికొచ్చెయ్యి,” అంది గబగబా. “ఇవాళే ఆయనతో చెప్తాను. వసారా ఖాళీ చేయిస్తాను. మిషను నేను కొనిపెడతాను. వచ్చెయ్యవే తల్లీ.”

చిట్టెమ్మ ఆవిడ కేసి చూసింది. ఆ చూపులో ఎకసెక్కం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. “నా కోసం పిలుత్తన్నారా అమ్మగోరూ, మీ కోసమా?”

ఎప్పుడూ ఠక్కున జవాబిచ్చే మనిషి. నీ కోసమే అనడానికి ఎంతసేపు? కానీ ఈ పిల్లకి ఇంకో అతుకు వెయ్యడానికి మనసొప్పలేదు.

“నా కోసమేనే,” అంది. “నాకు నిద్ర పట్టడం లేదు. అన్నం సయించడం లేదు. నువ్వొచ్చి మా ఇంట్లో ఉంటే గానీ...”

“అయితే రానమ్మగోరూ.” చిట్టెమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది. “మీకు నిద్దర పట్టినాక నన్నేటి సేసుకుంటారు? సన్యాసమ్మప్ప నిన్న వొచ్చింది. షాపు ఎనకాల మంచమెయ్యడానికి జాగా ఉన్నాది, వొచ్చీమంది. ఆవిడకి సదువు రాదు. వొచ్చీమంది, అంతే. ఆడికి ఎల్తాను. సెయ్యి బాగయ్యేక కాజాలు కుట్టుకుంటాను.”

భ్రమరాంబ సంచీలోంచి బత్తాయి తీసి, తొక్క వలిచి, పైన పీచు తీసి, గింజలు ఏరి, ఒక్కొక్క తొనా చిట్టెమ్మ నోటికి అందించింది. చిట్టెమ్మ కాదనకుండా తింది.